40 గడుల చార్టు: నెల్లూరు టేబుల్‌లో అచీవ్‌మెంట్లు ఎందుకు బెడిసికొట్టాయి, ఎట్లా కుదిరాయి

నేపథ్యం

ఇది నెల్లూరు టౌనులో ఆడుతున్న ఒక టేబుల్ (కలిసి కూర్చుని ఆడే గుంపు) సంగతి. డీఎమ్ (డంజియన్ మాస్టర్, అంటే కథను, లోకాన్ని నడిపే మనిషి) ఒకరు, ఆటగాళ్ళు ఐదుగురు, అందరూ 22 నుంచి 34 ఏళ్ళ లోపువాళ్ళు. రెండు వారాలకొక ఆదివారం, భోజనాలయ్యాక మేడ మీద గదిలో మూడున్నర గంటలు కూర్చుంటారు. ఆడేది డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్, 2014 నాటి రూల్సు: ఒక్కొక్కరు ఒక పాత్రను నడుపుతూ, చేసిన పని ఫలించిందో లేదో డైస్ వేసి తేల్చుకునే కథ ఆట. రూల్సు మాటలు ఇంగ్లీషువి, మిగతా ఆటంతా తెలుగులోనే. పేర్లు, ఉద్యోగాలు, ఇళ్ళ వివరాలు వదిలేసి ఎవరినైనా వాళ్ళ క్యారెక్టర్ క్లాసుతోనే (పాత్ర రకంతోనే) పిలుస్తాను: రోగ్ (దొంగ), ఫైటర్ (యోధుడు), విజార్డ్ (మాంత్రికుడు), డ్రూయిడ్ (ప్రకృతి మంత్రాలు వేసే పాత్ర), క్లెరిక్ (దైవశక్తితో గాయాలు మాన్పే పాత్ర). మొదటి ముగ్గురూ పీసీ గేముల్లో చెయ్యి తిరిగినవాళ్ళు. చివరి ఇద్దరికీ ఇదే మొదటి క్యాంపెయిన్ (సెషన్ల మీద సాగే పెద్ద కథ). క్లెరిక్ ఆడేది తక్కువగా మాట్లాడే ఒకమ్మాయి.

కథను ఉదయగిరి కోటను చూసి అల్లారు. 1514లో కృష్ణదేవరాయలు గజపతుల దగ్గర్నుంచి ఆ కోటను తీసుకునే ముందు చాలాకాలం ముట్టడి నడిచింది. ఆ ముట్టడిని తీసుకుని, పేర్లన్నీ మార్చేసి, డీఎమ్ మబ్బుకొండ అనే కోటను కట్టారు. పార్టీ (ఐదుగురి క్యారెక్టర్ల జట్టు) ఉండేది పైన, కోట లోపల. కింద శత్రు సైన్యం, పైన అడుగంటుతున్న కోనేరు, తూచి పంచే బియ్యం, కొండ చరియల్లో దొంగదారులు. ఇలాంటి కథలో విలువైనవి ఓపిక, బేరం, నీళ్ళ పొదుపు. తర్వాత వచ్చిన చార్టు ఈ మూడింటిలో దేన్నీ లెక్కపెట్టలేదు, అందుకే ముందే చెప్పి పెడుతున్నాను.

డీఎమ్ ఎందుకు మొదలుపెట్టారు

ఐదో సెషన్ నుంచి హాజరు తగ్గింది. వచ్చినవాళ్ళు కూడా తమ వంతు కానప్పుడు ఫోన్లు తీస్తున్నారు. వీళ్ళకు గేముల్లో అచీవ్‌మెంట్ల (ఫలానా పని చేస్తే వచ్చే గుర్తింపుల) పిచ్చి ఉంది కదా, అదే ఇక్కడికి తెద్దామని డీఎమ్ అనుకున్నారు. ఆలోచన తప్పేమీ కాదు, దానికి పాత వంశమే ఉంది. 1980ల మొదట్లో యాక్టివిజన్ వాళ్ళు అటారీ 2600 ఆటల్లో ఫలానా స్కోరు దాటినవాళ్ళు టీవీ తెర ఫోటో తీసి పోస్టులో పంపితే గుడ్డ బ్యాడ్జి పంపేవాళ్ళు. పిట్‌ఫాల్‌కైతే 20,000 పాయింట్లు దాటాలి. 2005లో ఎక్స్‌బాక్స్ 360 వచ్చాక అది ప్రతి ఆటలోనూ కన్సోలే పెట్టే లెక్క అయింది. 2008లో ప్లేస్టేషన్ ట్రోఫీలకు కంచు, వెండి, బంగారం, ప్లాటినం అని పేర్లు పెట్టింది.

డీఎమ్ ఆ మెట్లనే తీసుకున్నారు, ప్లాటినం ఒక్కటి వదిలేసి. తొమ్మిదో సెషన్ నాడు గోడకు చార్టు పేపరు అంటించారు. మొత్తం 40 అచీవ్‌మెంట్లు: 24 కంచు, 12 వెండి, 4 బంగారం. కంచుకు 25 ఎక్స్‌పీ (క్యారెక్టర్ లెవెల్ పెంచే అనుభవ పాయింట్లు), వెండికి 50, బంగారానికి 100. పక్కన ఐదుగురి పేర్లతో గడులు, ఎవరు చేస్తే వాళ్ళ గడిలో స్కెచ్ పెన్నుతో టిక్కు.

తొమ్మిదో సెషన్ అదిరిపోయింది. ఐదుగురూ వచ్చారు, ఫోన్లు ఎవరూ తీయలేదు, టిక్కు పడిన ప్రతిసారీ గోల. పదో సెషన్ నుంచి ఆట వంకర తిరగడం మొదలైంది. పదకొండో సెషన్ అయ్యాక డీఎమ్ నన్ను సలహా అడిగారు.

వచ్చిన ఫిర్యాదులు, వాటి వెనక ఉన్నది

డీఎమ్ చెప్పిన సమస్య: "అందరూ పోటీ పడుతున్నారు, కథ ఎవరికీ పట్టడం లేదు." ఈ ఒక్క మాట మీద మందు రాయకూడదు. అందుకని మూడు పనులు అడిగాను. మూడు సెషన్ల నోట్సు, చార్టు ఫోటో పంపమన్నాను. ఆటగాళ్ళతో ఒక్కొక్కరితో విడిగా ఐదు నిమిషాలు మాట్లాడాలన్నాను, నలుగురిలో అడిగితే గట్టిగా మాట్లాడేవాళ్ళ అభిప్రాయమే అందరిదీ అవుతుంది కాబట్టి. పాత సెషన్లలో ఒక యుద్ధానికి వంతుల లెక్క వేసి ఇవ్వమన్నాను. ఈ మూడోదాన్ని డీఎమ్ అనవసరం అనుకున్నారు. చివరికి ఎక్కువ ఉపయోగపడింది అదే.

ముందు చార్టు. 40లో 22 పోరుకు సంబంధించినవి. 8 తాళాలు, పెట్టెలు, దొంగిలింపులు. 7 డైస్ అదృష్టం. మాటతో, సంబంధాలతో వచ్చేవి 3. గాయపడినవాళ్ళను లేపినందుకు ఒక్కటీ లేదు. మూడో లెవెల్ రోగ్‌కు స్నీక్ ఎటాక్‌లో (అదను చూసి కొట్టే దెబ్బలో) అదనంగా 2డీ6, అంటే రెండు ఆరు ముఖాల డైస్, పడతాయి, తాళాలు తీసే పనీ వాడిదే. అంటే 30 గడులు వాడి దారిలోనే ఉన్నాయి. మూడు సెషన్లలో రోగ్‌కు 14 వచ్చాయి (9 కంచు, 4 వెండి, 1 బంగారం, మొత్తం 525 ఎక్స్‌పీ). క్లెరిక్‌కు 3 కంచు, 75 ఎక్స్‌పీ. తేడా 450. మూడో లెవెల్ 900 దగ్గర మొదలై నాలుగోది 2,700కు వస్తుంది కాబట్టి మధ్య దూరం 1,800. అందులో సరిగ్గా పావు వంతు చార్టు వల్లే తేడా పడింది. పదకొండో సెషన్ చివర రోగ్ 2,700 తాకి నాలుగో లెవెల్ ఎక్కాడు, క్లెరిక్ 2,250 దగ్గర ఉంది. ఇంకో సంగతి డీఎమ్ గమనించనే లేదు: చార్టు మొత్తం విలువ 1,600 ఎక్స్‌పీ. కథతో పని లేకుండా గడులు నింపుకుంటూ పోయినా దాదాపు ఒక లెవెల్ వచ్చేస్తుంది.

విడిగా మాట్లాడినప్పుడు క్లెరిక్ ఆడే అమ్మాయి అన్న మాట డీఎమ్ నాకు ఉన్నదున్నట్టు రాసి పంపారు: "అన్నా, నేను లేపినోళ్ళు లేచిపోయి టిక్కులు కొట్టుకుంటా ఉండారు. లేపేదానికి ఆ చార్టులో గడే లేదు."

ఆటలో వచ్చిన వంకరలు ఇవి. "చివరి దెబ్బ" అనే వెండి అచీవ్‌మెంట్ కోసం ఫైటర్ రెడీ యాక్షన్ తీసుకుని కత్తి ఎత్తి పట్టుకుని నిలబడ్డాడు, ఓగర్ (రాక్షసుడు) చచ్చేదాకా వస్తే అప్పుడు కొడదామని. ఆ లోపల క్లెరిక్ సున్నా హిట్ పాయింట్లకు (ప్రాణబలానికి) పడిపోయి రెండు డెత్ సేవులు (బతుకుతుందో లేదో తేల్చే రోల్సు) తప్పింది. మూడోది తప్పితే చావే. ఫైటర్ ఆడేది మంచి మనిషే, చార్టు అడిగిన పని చేశాడు అంతే. "పది తాళాలు" కోసం రోగ్ తెరిచి ఉన్న తలుపులకు తాళం వేసి మళ్ళీ తీశాడు. "సెషన్‌లో ఒక నాచురల్ 20" (డైస్ మీద నేరుగా 20 పడటం) కోసం విజార్డ్ అడక్కముందే పర్సెప్షన్ (గమనింపు) రోల్ వేస్తూ పోయాడు. వాడి లెక్క తప్పు కాదు. సెషన్‌లో 20 సార్లు డీ20 (ఇరవై ముఖాల డైస్) వేస్తే కనీసం ఒక 20 పడే అవకాశం 64 శాతం, 40 సార్లు వేస్తే 87. ఎక్కువ వేసినవాడికే ఎక్కువ అవకాశం, కాబట్టి అదృష్టం మీద పెట్టిన అచీవ్‌మెంట్ అనవసరపు రోల్సుకు కూలి ఇవ్వడమే అవుతుంది.

ఇక వంతుల లెక్క. ఎనిమిదో సెషన్ యుద్ధంలో ఐదుగురు ఆటగాళ్ళు, తొమ్మిదిమంది శత్రువులు, ఒక్కో శత్రువుకు వేరే ఇనిషియేటివ్ (ఎవరి వంతు ముందో తేల్చే రోల్). 14 వంతులు, వంతుకు దాదాపు ఒకటిన్నర నిమిషం. ఒక రౌండుకు 21 నిమిషాలు. తన వంతు అయిపోయినవాడు మళ్ళీ డైస్ ముట్టుకోవాలంటే పంతొమ్మిదిన్నర నిమిషాలు కూర్చోవాలి. అంతసేపు ఖాళీగా కూర్చున్న మనిషి ఫోను తీయడంలో వింతేముంది? అసలు జబ్బు ఇది. వీళ్ళకు ఆట మీద ఇష్టం తగ్గలేదు, వంతు రావడమే లేటయింది. తొమ్మిదో సెషన్ బాగుండటానికి చార్టు కొత్తదనం ఒక కారణమైతే, ఆ రోజు పెద్ద యుద్ధం లేకపోవడం రెండో కారణం. డీఎమ్ మొదటిదే చూశారు.

అందుకే చార్టు జోలికి పోకముందే వంతులు సరిచేయించాను. ఒకే రకం శత్రువులందరికీ కలిపి ఒకే ఇనిషియేటివ్ రోల్. ఇది రూల్ పుస్తకంలో ఉన్నదే, చాలామంది దాటేస్తారు. ఒక యుద్ధంలో ఐదుగురికి మించి శత్రువులు వద్దు, రెండు గుంపులకు మించి వద్దు. వంతు పిలిచేటప్పుడు తర్వాతివాళ్ళ పేరు కూడా కలిపి చెప్పాలి: "ఇప్పుడు ఫైటర్, తర్వాత డ్రూయిడ్." 14 వంతులు 7 అయ్యాయి, ముందే సిద్ధంగా ఉంటారు కాబట్టి వంతు 75 సెకన్లకు దిగింది. రౌండు 9 నిమిషాల లోపే అయిపోతోంది. పన్నెండో సెషన్‌లో ఫోన్లు చాలావరకు జేబుల్లోనే ఉండిపోయాయి.

ఇక్కడితో చార్టు తీసి పారేయొచ్చు కదా అని డీఎమ్ అడిగారు. వద్దన్నాను. మూడు సెషన్లలో ఆటగాళ్ళకు ఒక రుచి తెలిసింది: తాము చేసిన పనికి పేరు పెట్టి, అందరి ముందు చెప్పడం. ఆ రుచి నిజమైనది, మంచిది. చెడింది దాన్ని ఇచ్చిన పద్ధతి.

ప్రయత్నించినవి, పనిచేయనివి

మొదటి మార్పు: ఎక్స్‌పీ తీసేసి ఇన్‌స్పిరేషన్ ఇవ్వడం. 2014 రూల్సులో అది ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు; రెండు పోగుపడవు. వాడితే ఒక రోల్‌కు అడ్వాంటేజ్, అంటే రెండు డీ20లు వేసి పెద్దది తీసుకోవడం. 11 పడితే చాలనే చోట అవకాశం 50 నుంచి 75 శాతానికి పెరుగుతుంది. బలం తాత్కాలికం, లెవెల్ తేడా రాదు కాబట్టి ఇది సరిపోతుందనిపించింది. రెండు సెషన్లలో చతికిలబడింది. ఇన్‌స్పిరేషన్ చేతిలో ఉన్నవాడికి రెండోది వస్తే వృథా కాబట్టి, ఖర్చు పెట్టేదాకా ఇంకో మంచి పని చేయకుండా ఆగారు. ఇంకొందరు చివరి యుద్ధం కోసం దాచుకుని వాడనే లేదు. చార్టు గోడ మీదే ఉండటంతో వేట ఆగలేదు. బహుమతి చిన్నదైతే వేట తగ్గుతుందని నేను వేసిన అంచనా తప్పు. వేటాడించేది బహుమతి సైజు కంటే కళ్ళ ముందు ఖాళీగా కనిపించే గడి.

దీనికి ఆసరాగా ఒక పాత ప్రయోగం ఉంది. 1973లో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అనే ముగ్గురు మనస్తత్వ శాస్త్రవేత్తలు, బొమ్మలు వేయడం ఇష్టపడే చిన్నపిల్లలను మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకు బొమ్మ వేస్తే సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పారు. ఒక గుంపుకు చెప్పకుండా, వేశాక ఇచ్చారు. ఇంకో గుంపుకు ఏమీ ఇవ్వలేదు. తర్వాత ఎవరూ ఏమీ ఇవ్వని మామూలు రోజుల్లో స్కెచ్ పెన్నులు పెడితే, ముందే మాట ఇప్పించుకున్న పిల్లలు మిగతా వాళ్ళకంటే తక్కువసేపు బొమ్మలు వేశారు. చెప్పకుండా ఇచ్చినవాళ్ళలో ఆ తగ్గుదల లేదు. మన టేబుల్ దగ్గర ఉన్నవాళ్ళు పిల్లలు కారు, ఇది పరీక్ష గదీ కాదు. అయినా ముందు చెప్పడానికీ తర్వాత ఇవ్వడానికీ ఉన్న తేడా పట్టుకోవాలనిపించింది.

అక్కడినుంచి రెండో ప్రయత్నం: జాబితా దాచేయడం. వీడియో గేముల్లోనూ దాచిన అచీవ్‌మెంట్లు ఉంటాయి. పద్నాలుగో సెషన్‌లో డీఎమ్ చార్టు తీసేసి, 40 అంశాలూ తన ముందు నిలబెట్టుకునే అడ్డు స్క్రీన్ వెనక కాగితం మీద పెట్టుకున్నారు. ఒక్క సెషన్‌తోనే ఆపేశాం. ఎన్‌పీసీలు (డీఎమ్ ఆడించే పాత్రలు), శత్రువుల హిట్ పాయింట్లు, మ్యాపు చూసుకుంటూ ఐదుగురు చేసే పనులను 40 షరతులతో పోల్చడం మనిషి వల్ల కాదు. కన్సోల్‌లో లెక్క పెట్టేది ప్రోగ్రామ్, అది అలసిపోదు, పక్షపాతం చూపదు. ఇక్కడ లెక్క పెట్టేది లోకాన్ని నడిపే మనిషే. రెండు అచీవ్‌మెంట్లు తప్పిపోయాయి, ఒకటి తప్పు మనిషికి వెళ్ళింది. "అన్నా, అది నాకు రావాల గదా" అనే వాదన పావుగంట నడిచింది. దాంతోపాటు ఏదో ఒకటి పడుతుందేమోనని రోగ్ పొయ్యిలోకి దూకడం లాంటి పనులు చేశాడు.

మూడోది పార్టీ మొత్తానికి కలిపి ఇచ్చే అచీవ్‌మెంట్లు. పోటీ పోయింది. దాని బదులు పెత్తనం వచ్చింది. "ఇంకొక్కటే మిగిలింది, నువ్వా పెట్టె తెరువు" అని పక్కవాళ్ళ క్యారెక్టర్లను రోగ్ నడపడం మొదలుపెట్టాడు. పదిహేనో సెషన్‌తో అదీ పక్కన పెట్టాం.

కుదిరినది

ఇక మూడు నిర్ణయాలు చేశాం.

ఒకటి, ఎక్స్‌పీ లెక్కే ఎత్తేసి, కథ మలుపుల దగ్గర అందరికీ ఒకేసారి లెవెల్. రోగ్ ముందే ఎక్కిన లెవెల్‌ను వెనక్కి లాగలేదు. ఇచ్చినదాన్ని తీసుకుంటే ఆ మనిషి ఆట మీదే అలుగుతాడు. మిగతా నలుగురినీ పదిహేనో సెషన్ చివర నాలుగో లెవెల్‌కు చేర్చాం.

రెండు, కొత్తవాళ్ళ కోసం చిన్న జాబితా ఒకటి ఉంచాం, ఇది అందరికీ కనబడేదే. హెల్ప్ యాక్షన్ ఒకసారి వాడటం, రియాక్షన్ (తన వంతు కానప్పుడు చేసే పని) ఒకసారి వాడటం, షార్ట్ రెస్ట్‌లో (చిన్న విశ్రాంతిలో) హిట్ డైస్ ఖర్చు పెట్టి కోలుకోవడం, ఒక ఎన్‌పీసీని ప్రశ్న అడగడం, యుద్ధం నుంచి డిసెంగేజ్ అయి తప్పుకోవడం, పడిపోయినవాళ్ళను స్టెబిలైజ్ చేయడం (చావకుండా నిలపడం). మొత్తం ఆరు. బహుమతి లేదు, క్యారెక్టర్ షీటు మూల టిక్కు మాత్రమే. మూడు సెషన్లలో అందరికీ పూర్తయి మాయమైపోయే జాబితా ఇది. గేముల్లో తొలి అచీవ్‌మెంట్లు చాలావరకు చేసేదీ ఇదే, బటన్లు నేర్పడం. డ్రూయిడ్ ఆడే ఆయన పదిహేను సెషన్లలో ఒక్కసారి కూడా రియాక్షన్ వాడలేదని దీనివల్లే తెలిసింది.

మూడోది అసలైనది. దీని ఊహ ఊళ్ళోదే. మొహర్రం నెలలో బారాషహీద్ దర్గా దగ్గర, స్వర్ణాల చెరువు నీళ్ళలో రొట్టెల పండుగ జరుగుతుంది. కోరిక ఉన్నవాళ్ళు ఆ కోరిక రొట్టెను, చదువు రొట్టో, ఉద్యోగం రొట్టో, పెళ్ళి రొట్టో, ఇంకొకరి చేతినుంచి అందుకుంటారు. తీరాక మళ్ళీ వచ్చి ఇంకొకరికి రొట్టె ఇస్తారు. తీరినవాళ్ళది ఇచ్చే చెయ్యి. మా చార్టులో సాధించినవాడే తీసుకునేవాడు. దాన్ని తిరగేశాం: సాధించినవాడు ఇస్తాడు, సాయం చేసినవాడు అందుకుంటాడు. టేబుల్‌లో ఇద్దరి ఇళ్ళవాళ్ళు ఏటా పండుగకు వెళ్తారు. కార్డును "రొట్టె" అని పిలవచ్చా అని ముందు వాళ్ళను అడిగాం. సంతోషంగా సరేనన్నారు. భక్తితో ముడిపడిన మాట కాబట్టి అడగకుండా వాడకూడదు. ఇంకో టేబుల్‌లో ఎవరికైనా ఇబ్బందిగా ఉంటే "కార్డు" అంటే చాలు.

పద్ధతి ఇది. ఏ4 కాగితాన్ని మూడుసార్లు సగానికి మడిచి కోస్తే ఎనిమిది ముక్కలు వస్తాయి, ఒక్కోటి 74 మిల్లీమీటర్లకు 105. సెషన్‌కు ఒక కాగితం సరిపోతుంది. మొదట్లో ఐదు నిమిషాలు: ప్రతివాళ్ళూ తమ క్యారెక్టర్ కోరిక ఒకటి పైకి చెప్పి, కార్డు ఒక వైపు రాసి ముందు పెట్టుకుంటారు. చివర్లో పది నిమిషాలు: కోరిక తీరినవాళ్ళు, అది తీరడానికి సాయపడిన ఒకరి పేరు, వాళ్ళు చేసిన పని రెండోవైపు రాసి, చదివి వినిపించి, చేతికి ఇస్తారు. తీరనివాళ్ళు కార్డు తమ దగ్గరే ఉంచుకుని వచ్చే సెషన్‌కు తెస్తారు. మూడు సెషన్లయినా తీరకపోతే కోరిక మార్చుకోవాలి. డీఎమ్ ఎవరికీ కార్డు ఇవ్వరు. ఇస్తే మళ్ళీ అందరి కళ్ళూ డీఎమ్ వైపే తిరుగుతాయి.

కార్డుకు ఎక్స్‌పీ లేదు, ప్లస్ వన్ లేదు, అడ్వాంటేజ్ లేదు. దానికి కథలో మాత్రం విలువ ఉంటుంది. కార్డు మీద రాసిన పనిని మబ్బుకొండ జనం విని ఉంటారు. వచ్చే సెషన్‌లో కనీసం ఒక ఎన్‌పీసీ దాన్ని గుర్తుచేయాలి. డీఎమ్ మీద పడిన పని ఇదొక్కటే.

పదహారో సెషన్‌లో ఏం జరిగిందో చూడండి. రోగ్ రాసిన కోరిక: "ఈ రాత్రి ఎవరినీ చంపకుండా కింది గవిని దాటి రావాలి." ఆ గవిని, అంటే కోట ద్వారం, దగ్గర కాపలా ఉన్నది సొంత కోట సైనికులే, దండనాయకుడి ఆజ్ఞ లేకుండా ఎవరినీ పోనివ్వరు. పాత అలవాటు ప్రకారం రోగ్ నీడల్లో పాకుతాడని డీఎమ్ అనుకున్నారు. క్లెరిక్ ముందుకొచ్చి, వీళ్ళు నీళ్ళు తాగి ఎంతసేపయిందని అడిగింది. ఉదయం ఇచ్చిన లోటా నీళ్ళే అని డీఎమ్ చెప్పారు. ఆమె మిగిలిన ఒక్క మొదటి లెవెల్ స్పెల్ స్లాటును (మంత్రం వేసే అవకాశాన్ని) నీళ్ళు పుట్టించే క్రియేట్ వాటర్‌కు వాడింది. దాంతో 10 గ్యాలన్లు వస్తాయి, మన లెక్కలో 38 లీటర్ల దాకా. అంటే ఆ తర్వాత ఎవరు పడిపోయినా లేపడానికి ఆమె దగ్గర స్పెల్ లేదు. గవిని పక్కనున్న రాతి తొట్టి నిండింది. కాపలావాళ్ళు కవచాలు విప్పేసి తొట్టిలో తలలు ముంచుతుంటే పార్టీ గడప దాటింది. డైస్ పడింది ఒక్కసారే, ఆమె పర్సుయేషన్‌కు (మాటతో ఒప్పించడానికి).

ఆ రాత్రి రోగ్ రాసిన కార్డు: "తన ఆఖరి స్పెల్ కాపలావాళ్ళ దాహానికి పోసి, గవిని తెరిపించింది." పదిహేడో సెషన్ మొదట్లో మెట్ల మీద కూర్చున్న ఒక సైనికుడు లేచి నిలబడి "నీళ్ళక్కా, పైకి పోతుండావా?" అన్నాడు. ఆ పేరు నిలిచిపోయింది. ఇప్పుడు మబ్బుకొండలో ఆమెను క్లెరిక్ అసలు పేరుతో పిలిచేవాళ్ళే లేరు.

ఇందులోనూ చెడేవి

మొదటి రెండు సెషన్లలో మిగతా కార్డులు చాలావరకు చప్పగా వచ్చాయి: "బాగా ఆడాడు", "మంచి సాయం." మర్యాద కోసం రాసినవి. కార్డులో చోటు, చేసిన పని రెండూ ఉండాలి, ఒకే వాక్యం ఉండాలి అన్న నియమం పెట్టాక బాగుపడింది. చోటు రాయాలంటే మనిషి ఆ ఘట్టాన్ని గుర్తు తెచ్చుకోవాలి. గుర్తు తెచ్చుకుంటే పొడి మాట రాయడం కష్టం.

కోరికలు మొదట మరీ పెద్దవి. "శత్రురాజును చంపాలి" అని ఫైటర్ రాశాడు. కోరిక ఒక సెషన్‌లో అయ్యేది కావాలి, ఇంకొకరి చెయ్యి పడితేనే అయ్యేది కావాలి. రెండో షరతే ముఖ్యం. "ఇరవై మందిని చంపాలి" ఒంటరిగా అయ్యే పని, దానికి రొట్టె ఇవ్వడానికి మనిషి దొరకడు. "దండనాయకుడు అందరి ముందూ నా మాట వినాలి" అంటే పక్కనుంచి ఎవరో ఒకరు మాట కలపాల్సిందే.

స్నేహితులు ఒకరికొకరు ఇచ్చుకోవడం కూడా చూశాం. వరసగా రెండుసార్లు ఒకే మనిషికి ఇవ్వకూడదన్న నియమంతో ఆగింది. కోరిక నిజంగా తీరిందా లేదా అన్న వాదన వస్తే రాసినవాళ్ళదే తుది మాట. డీఎమ్ తీర్పు చెప్పకూడదు.

అన్నిటికంటే ఎక్కువ ఆలోచించింది విజార్డ్ గురించి. వరసగా మూడు సెషన్లు అతనికి ఒక్క కార్డూ రాలేదు. ఓదార్పుగా డీఎమ్ ఒకటి ఇద్దామన్నారు, వద్దన్నాను. జాలితో ఇచ్చిన కార్డు మిగతా కార్డులన్నిటి విలువా తగ్గిస్తుంది. అతని నోట్సు తిరగేస్తే, సెషన్ మొదట్లో మిగతావాళ్ళ కోరికలు చదువుతుంటే తన స్పెల్ జాబితా చూసుకుంటున్నాడని తెలిసింది. వినకపోతే సాయం ఎట్లా చేస్తాడు? నియమం కొంచెం మార్చాం: కోరికను రాసినవాళ్ళు కాకుండా ఎడమ పక్కన కూర్చున్నవాళ్ళు చదవాలి. దాంతో ప్రతివాళ్ళూ కనీసం ఒక్క కోరికను తమ నోటితో చదువుతారు. తర్వాతి సెషన్‌లో ఫెదర్ ఫాల్ (పడేవాళ్ళను మెల్లగా దించే మంత్రం) వేసి డ్రూయిడ్‌ను చరియ మీంచి బతికించి మొదటి రొట్టె అందుకున్నాడు.

రోగ్ ఆడే అబ్బాయికి జాబితాలు నింపడమంటే ప్రాణం. చార్టు పోయాక కొంత నిరుత్సాహపడ్డాడు, దాన్ని ఎవరూ తప్పు పట్టలేదు. కార్డులన్నిటినీ తేదీ వారీగా నోటుబుక్కులో ఎక్కించే పని అడిగి తీసుకున్నాడు. ఆ పద్దు ఇప్పుడు క్యాంపెయిన్‌కు ఉన్న మంచి చరిత్ర. డీఎమ్ పాత ఎన్‌పీసీని తేవాలంటే ముందు అందులో వెతుకుతారు. చార్టులో అతను వెతుక్కున్న నిండుదనం కొంతైనా అక్కడ దొరుకుతోంది.

ఇంకో టేబుల్‌లో పెట్టాలంటే

ముందు వంతుల లెక్క చూసుకోండి. తన వంతు కోసం ఒక్కో ఆటగాడు పది నిమిషాలకు మించి ఆగుతుంటే ఏ అచీవ్‌మెంటూ ఆ విసుగును మాన్పదు. నాలుగు వారాలు కప్పిపెడుతుంది అంతే. ఆ తర్వాత మీరు రాసిన జాబితాను పోరు, దోపిడీ, డైస్, మాట, సాయం అని విడగొట్టి లెక్కపెట్టండి. మీ కథ దేని గురించో ఆ లెక్కలో కనిపించకపోతే జాబితాను ఆటగాళ్ళకు చూపించకండి. దేనికీ ఎక్స్‌పీ పెట్టకండి. పెట్టి తీరాలనుకుంటే మొత్తం విలువ లెవెల్ దూరంలో పదో వంతు దాటకుండా, ఐదుగురికీ సమానంగా పంచండి.

ముగ్గురికి తక్కువ ఆటగాళ్ళుంటే రొట్టె పద్ధతి కుదరదు, ఇద్దరి మధ్య అది ఇచ్చిపుచ్చుకోవడం అయిపోతుంది. ఆరుగురు దాటితే చివరి పది నిమిషాలు పాతిక అవుతాయి. అప్పుడు చదవడం వదిలేసి కార్డులు చేతికిచ్చి, ఒకటి రెండు మాత్రం పైకి చదవండి. ఒక్క సెషన్ కోసం వచ్చే అతిథులకూ కార్డు ఇవ్వండి, కానీ కోరిక చిన్నది అడగండి.

ఈ టేబుల్‌లో ఇంకా తెగని ముడి ఒకటుంది. ఫైటర్ ఇప్పటికీ చివరి దెబ్బ కోసం చెయ్యి ఎత్తి ఆగుతాడు. చార్టు పోయి ఏడు సెషన్లయినా ఆ అలవాటు పూర్తిగా వదల్లేదు. ఇరవై రెండో సెషన్‌కు డ్రూయిడ్ రాసిన కోరిక: "ఫైటర్ ముందుగా కొట్టాలి, ఆగకుండా." ఎడమ పక్కన కూర్చుని దాన్ని చదవాల్సింది ఫైటరే. చదివి కాసేపు కార్డు తిప్పి చూశాడు. యుద్ధం మొదలవగానే రెడీ అనకుండా నేరుగా కొట్టాడు. ఆ రాత్రి డ్రూయిడ్ అతనికిచ్చిన కార్డు మలై కాజా పెట్టెలో మిగతావాటితోపాటు ఉంది. పద్దులో దాని వరస సంఖ్య 19.